1969 షెవ్రొలే కమారో కారు ఇంజిన్ బ్లాక్ మీద తుప్పు తిన్న అంకెలు చదవడమెలా?

కారు నార్వుడ్ ఫ్యాక్టరీలో తయారైన ఎస్ఎస్ 350 మోడల్, నాలుగు గేర్ల మాన్యువల్. బ్లాక్ పోత తేదీ బి 6 9, అంటే ఫిబ్రవరి 6. ఇంజిన్ ముందు భాగంలో ముద్ర కొట్టే చదునైన చోటు, అంటే ప్యాడ్ మీద వి0214హెచ్‌ఏ, అంటే ఇంజిన్ బిగించింది ఫిబ్రవరి 14న. కారు బాడీకి ఉండే రేకు బిళ్ల, కౌల్ ట్యాగ్ మీద 03బి, అంటే కారు తయారైంది మార్చి రెండో వారం. వరస కుదిరింది.

కానీ ప్యాడ్ మీద ముందునుంచి వెనక్కి సాగే బ్రోచ్ గీతలు (ఫ్యాక్టరీలో చదును చేసే యంత్రం వదిలే గీతలు) లేవు, నున్నగా ఉంది. అక్షరాలు మళ్లీ కొట్టారేమోనని నా అనుమానం. తేదీలు కుదిరినంత మాత్రాన అసలు ఇంజిన్ అనలేం, తేల్చాల్సింది బ్లాక్ మీద కొట్టిన విన్ (కారు గుర్తింపు సంఖ్య) ముద్రే. అది ఆయిల్ ఫిల్టర్ పక్కన ఉంది: 19ఎన్ కనిపిస్తోంది, తర్వాతి ఆరంకెలు గుంటలు పడ్డాయి.

కార్బ్ క్లీనర్, నైలాన్ బ్రష్, పక్కనుంచి టార్చి వెలుగు, కాగితం మీద పెన్సిల్ రుద్దుడు, అన్నీ అయ్యాయి. వైర్ బ్రష్, ఎమెరీ జోలికి పోలేదు, ఉన్న ఆనవాలూ పోతుంది.

లోహం అరగకుండా ఆ ఆరంకెలు బయటపడాలంటే ఏ రసాయనం, ఎంతసేపు వాడాలి?