మొక్కజొన్న వేర్లు పొడుగు, పైరు పొట్టి, ఆకులు ఊదారంగు: యూరియా వేయాలా?

యాసంగి_చేను:
ఆదిలాబాద్ వైపు నల్లరేగడి, సున్నపు గుళికలు కనిపించే చేను. యాసంగి మొక్కజొన్న విత్తి 22 రోజులు. ఐదో ఆకు విచ్చుకుంది గానీ పైరు జానెడు దాటలేదు. కింది ఆకుల కొసలు, అంచులు ఊదారంగుకు తిరిగాయి. పీకి చూస్తే వేర్లు పైరు కంటే పొడుగ్గా ఉన్నాయి. డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు) ఎకరాకు ఒక బస్తా, విత్తాక పైన చల్లి తడి ఇచ్చాం. వేర్లు బాగున్నాయి కాబట్టి ఒక బస్తా యూరియా పడితే లేస్తుందని చుట్టుపక్కల వాళ్ల మాట. వేయమంటారా?

మన్ను_వేరు:
ఇప్పుడే వద్దన్నా. ఆ వేర్ల పొడుగు చూసి మోసపోవద్దు. ఆకులో తయారైన చక్కెర కొంత కొత్త ఆకులకు, కొంత వేర్లకు పోతుంది. నత్రజని గానీ భాస్వరం గానీ చాలకపోతే మొక్క కొత్త ఆకును తగ్గించుకుని ఆ చక్కెరను వేర్లకు మళ్లిస్తుంది, తిండి వెతుక్కోవడానికి. మీ చేలో కొరత భాస్వరానిదే అనిపిస్తోంది. ఎదుగుదల ఆగిన ఆకులో చక్కెర పేరుకుని ఆంథోసయనిన్ అనే రంగు పదార్థంగా మారడం వల్లే ఆ ఊదా. నత్రజని కొరత అయితే కింది ఆకు కొస నుంచి నడి ఈనె వెంట పసుపు దిగేది.

యూరియా మట్టిలో నైట్రేట్‌గా మారుతుంది. వేర్లకు నైట్రేట్ దండిగా అందితే అక్కడ సైటోకైనిన్ అనే ఎదుగుదల హార్మోన్ తయారై నీటితోపాటు పైకెక్కుతుంది, ఆకును తోస్తుంది. భాస్వరం లేకుండా అలా తోస్తే పైన పచ్చదనం వస్తుంది, కింద వేరు వెనకబడుతుంది. ఆ మొక్క రేపు గాలికి పడిపోతుంది.

డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంది, అంటే పరిమాణంలో లోటు లేదు. పడిన చోటే తప్పు. నైట్రేట్ నీటితో కదిలి వేరు దగ్గరికి వస్తుంది; భాస్వరం రాదు, వేరు తానే దాని దగ్గరికి పోవాలి. సున్నం ఉన్న రేగడిలో అది డీఏపీ గుళిక చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పాకదు. మీ విత్తనం నాలుగైదు సెంటీమీటర్ల లోతున పడి ఉంటుంది, వేర్లు ఇంకా కిందికి పోయాయి. మందు పై పొరలో ఎండిపోతోంది. విత్తేటప్పుడే గింజకు 5 సెంటీమీటర్లు పక్కన, 5 సెంటీమీటర్లు కింద పడి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

చలి_పంట:
చలిని కూడా లెక్కలోకి తీసుకోండి. మట్టి బాగా చల్లబడితే, 12 డిగ్రీల దరిదాపుల్లో, వేరు సాగదు, ఉన్న భాస్వరం కూడా అందదు. చలి తగ్గి కణుపు వేర్లు (కాండం కింది కణుపుల నుంచి వచ్చేవి) దిగితే ఎనిమిదో ఆకుకల్లా ఊదా దానంతటదే పోవచ్చు. కొన్ని హైబ్రిడ్లకు లేతప్పుడు ఆ రంగు సహజం. ఎదుగుదల సరిగా ఉంటే మందు అక్కర్లేదు. మీ పైరు పొట్టిగా కూడా ఉంది కాబట్టి వదిలేయడానికి లేదు.

పీకితే పీచు వేర్లు మట్టిలోనే తెగిపోతాయి. చుట్టూ జానెడు వదిలి పారతో లేపి, బకెట్ నీళ్లలో నానబెట్టి కడగండి. కొసలు గోధుమరంగులో మొద్దుబారితే ఎరువు కాల్చిందని. విసనకర్రలా ఒకే వైపు పరుచుకుంటే తడి రేగడిలో విత్తినప్పుడు చాలు గోడ గట్టిపడిందని. రెండింటిలోనూ భాస్వరం వేసి లాభం లేదు.

నేల_లెక్క:
ఆకలేస్తే వేరు పెరుగుతుందన్నది అన్ని పోషకాలకూ వర్తించదు. పొటాష్, మెగ్నీషియం తగ్గితే చక్కెర ఆకు దాటి కిందికి దిగదు. వేరు కుదించుకుపోతుంది, పైన మాత్రం కొన్నాళ్లు బాగానే కనిపిస్తుంది. 1975లో ఎం.సి. డ్రూ అనే శాస్త్రవేత్త బార్లీ వేరులో ఒక్క ముక్కకే పోషకం అందించి చూశాడు. నైట్రేట్, అమ్మోనియం, ఫాస్ఫేట్ అందిన ముక్కలో పక్క వేర్లు గుబురుగా వచ్చాయి, పొటాష్‌కు రాలేదు. భాస్వరం చాలులో పడాలనడానికి ఇదీ ఒక కారణం: మందు ఉన్న చోటే వేరు గుబురు కడుతుంది.

యాసంగి_చేను:
నాలుగు మొక్కలు కడిగి చూశాం. వేర్లు సన్నగా, తెల్లగా, అన్ని వైపులా ఉన్నాయి, పక్క వేర్లు తక్కువ. కాలిన కొసలు లేవు. కణుపు వేర్లు ఇప్పుడే మొలుస్తున్నాయి. ఆకు మొదట్లో తెల్ల చారలు లేవు. ఇప్పుడేం చేయాలి? డీఏపీ నీళ్లలో జింక్ కలిపి కొట్టొచ్చా?

మన్ను_వేరు:
కలపొద్దు, జింక్ సల్ఫేట్ భాస్వరంతో చేరి విరిగిపోతుంది. నడి ఈనెకు రెండు వైపులా తెల్ల పట్టీలు కనిపిస్తేనే జింక్ సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు విడిగా కొట్టండి.

కణుపు వేర్లు దిగే సమయం ఇదే. డీఏపీ ఎకరాకు అర బస్తా, మొదలుకు నాలుగు వేళ్ల దూరంలో, అంతే లోతున వేసి మట్టి కప్పి తడి ఇవ్వండి. అందులోని అమ్మోనియంను వేరు తీసుకునేటప్పుడు చుట్టూ మట్టి కాస్త పులుపెక్కుతుంది, సున్నపు నేలలో భాస్వరం కరగడానికి అది సాయం. గుళికలు మొదలుకు తగిలితే లేత వేరు కాలుతుంది. ఈలోగా 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న, నీటిలో కరిగే ఎరువు) లీటరుకు 5 గ్రాములు ఒకసారి కొట్టొచ్చు, కానీ ఆకు ద్వారా పోయేది కొద్దిగానే.

యూరియా మోకాలెత్తు దశలో, 30–35 రోజులకు ఒక బస్తా వేసి మట్టి ఎగదోయండి. సున్నపు నేల మీద పైనే వదిలితే అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. ఊదా ఎక్కిన పాత ఆకులు చూసి మందు పనిచేయలేదనుకోవద్దు. పది రోజుల తర్వాత సుడిలోంచి వచ్చే కొత్త ఆకు వెడల్పు, రంగు చూసి చెప్పండి.