బడి మానేసిన పిల్లల్ని మళ్లీ బడికి పంపడం ఎలా?

ప్రశ్న: అందరికీ నమస్తే. మా ఆదివాసీ గూడెంలో డిగ్రీ దాకా చదివింది మేం ముగ్గురమే. యువజన సంఘం పెట్టుకున్నాం. బడి మానేసిన పిల్లలు పదకొండు మంది ఉన్నారు. మీటింగ్ పెట్టి చదువు గురించి చెబితే పెద్దవాళ్లు తలూపి వెళ్లిపోయారు. పన్నెండేళ్ల పిల్లనొకదాన్ని సర్కారు బడికి తీసుకెళ్తే, టీసీ లేదని తిప్పి పంపారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు టీసీ సంగతి చూడండి తమ్ముడూ. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, టీసీ ఆలస్యమైందని సర్కారు బడిలో చేర్చుకోకపోవడం కుదరదు. వయసు ధ్రువపత్రం లేదని కూడా వెనక్కి పంపకూడదు, అది 14వ సెక్షన్. పన్నెండేళ్ల పిల్లను చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టక్కర్లేదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, పోయిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతుంది. పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిదో తరగతి అయ్యేదాకా చదువు ఉచితమే. నోటిమాటగా అడిగితే రేపు రమ్మంటారు. కాగితం మీద రాసిచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి.

మరొకరు: మీటింగులు పక్కన పెట్టి ఇల్లిల్లూ తిరగండి. చెల్లిని ఎత్తుకోడానికి మానేసిన పిల్లకూ, పాఠం అర్థంకాక మానేసినవాడికీ ఒకే మందు పనిచేయదు. ఈ రెండోది మనకు తొందరగా కనబడదు. ఇంట్లో గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లలకు ఒకటో తరగతిలో తెలుగే పరాయి భాష. నోరు విప్పకపోతే మొద్దు అనేస్తారు. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని 29వ సెక్షన్‌లో ఉంది, కానీ ఆ భాష వచ్చిన టీచరు దొరకాలిగా! అక్కడే మీ అవసరం. సాయంత్రం ఒక గంట, అదే పాఠం ముందు మీ భాషలో, తర్వాత తెలుగులో చెప్పండి. ట్యూషన్ అని మాత్రం పేరు పెట్టకండి, ఫీజు అడుగుతారేమోనని ఎవరూ రారు.

అడిగినవారు: థాంక్స్ అన్నా. పదహారేళ్లవాళ్లు ఇద్దరున్నారు, కూలికి పోతున్నారు. బడి అంటే సిగ్గుపడుతున్నారు. ఇంకో టెన్షన్ ఏంటంటే, స్కూలు కమిటీలో మమ్మల్ని చేర్చుకోవడం లేదు.

జవాబు: వాళ్లిద్దరికీ ఓపెన్ స్కూలే దారి. ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూలు సంస్థలో పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండితే చాలు, రోజూ బడికి పోనక్కర్లేదు. కమిటీ గురించి గొడవ పడకండి. 21వ సెక్షన్ ప్రకారం సభ్యుల్లో కనీసం 75 శాతం పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. మీకింకా పెళ్లే కాలేదనుకుంటా! మీ అక్కల్నీ వదినల్నీ పంపండి. ముందురోజు రాత్రి వాళ్లతో కూర్చుని ఏం అడగాలో అనుకోండి. తీర్మానాల పుస్తకంలో ఏం రాశారో చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దని గట్టిగా చెప్పండి.

అడిగినవారు: ఆ పన్నెండేళ్ల పిల్ల తల్లి నాకు అక్క వరసే. కాగితం నేను రాస్తా, సోమవారం ఆవిడ చేతే ఇప్పిస్తా.