పర్యాటక ప్రచారం ఖర్చుకు కళ్లెం వేయాలా, వద్దా?

పద్దులరాయుడు:
2010 మేలో బ్రిటన్‌లో కొత్త సంకీర్ణ ప్రభుత్వం రాగానే ప్రభుత్వ ప్రకటనల ఖర్చు ఆపేసింది. మరీ అవసరమైతే తప్ప, అదీ పైనుంచి అనుమతి వస్తేనే ప్రకటన ఇవ్వాలన్నారు. పర్యాటక ప్రచారాన్నీ అదే గాటన కట్టారు. నా దృష్టిలో సబబే. టూరిస్టు వస్తే లాభం హోటళ్లకీ విమాన సంస్థలకీ. అలాంటప్పుడు ప్రచారం ఖర్చు జనం నెత్తిన ఎందుకు?

దేశదిమ్మరి:
రాయుడు గారూ, ఏ హోటలైనా సొంత డబ్బు పెట్టి దేశం మొత్తానికి ప్రకటన ఇస్తుందా? ఆ ప్రకటన చూసి వచ్చినవాడు పక్క హోటల్లో దిగితే? అందుకే ఎవరూ ముందుకు రారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 1993లో ప్రభుత్వ ప్రచారం ఆపి చూసింది. పర్యాటక ప్రచారానికి ఉన్న దాదాపు 1.2 కోట్ల డాలర్ల నిధి సున్నా అయింది. ఆ తర్వాత అమెరికా విహారయాత్రల్లో ఆ రాష్ట్రం వాటా 30 శాతం పడిపోయిందని ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2000లో మళ్లీ పర్యాటక కార్యాలయం తెరుచుకున్నారు.

పద్దులరాయుడు:
ఆ లెక్క కట్టింది పర్యాటక శాఖలకు సర్వేలు చేసి పెట్టే సంస్థే కదండీ! వాళ్లు ఇంకేం చెబుతారు? ఇటలీ సంగతి చూడండి. 2023లో 90 లక్షల యూరోల ప్రచారం. చిత్రకారుడు బొటిచెల్లి గీసిన ప్రసిద్ధ వీనస్ దేవత బొమ్మ చేతికి పిజ్జా ఇచ్చి నిలబెట్టారు. వీడియోలో ఇటలీ అని చూపించిన వైన్ సీను పక్క దేశం స్లొవేనియాలో తీసింది! అడిగేవాడు లేకపోతే ఇంతే.

మీడియాప్లాన్:
ప్రభుత్వ ప్రకటనల పని కొన్నేళ్లు చేశాను కాబట్టి చెప్తున్నా. సెలవులకు జనం నెలల ముందే టికెట్లు కొంటారు. ప్రకటన అంతకంటే ముందే కనబడాలి. మేము ప్లాన్ పంపితే ఫైలు ఒక కొర్రీతో వెనక్కి వచ్చేది. జవాబిస్తే ఇంకో కొర్రీ. ఈలోగా టీవీలో మంచి స్లాట్లన్నీ అయిపోయేవి, మిగిలినవాటి రేటు పెరిగేది. సంతకం పడేసరికి సీజన్ సగం గడిచిపోయేది. అయినా డబ్బు ఖర్చు పెట్టేవాళ్లం, ఎందుకంటే మార్చిలోగా వాడకపోతే నిధులు వెనక్కి పోతాయి. అసలు దుబారా అంటే అదీ!

రాయుడు గారి ఇటలీ ఉదాహరణే తీసుకుందాం. మొత్తం ఎంతో చూసి సంతకం పెట్టే ఆర్థిక అధికారికి స్లొవేనియా సీను ఎలా తెలుస్తుంది? దానికి కావలసింది పని తెలిసినవాళ్లు చేసే తనిఖీ. ఏడాదికి ఇంత అని గీత గీసి, చివర్లో గట్టిగా ఆడిట్ చేయండి. ప్రతి బిల్లుకీ ముందస్తు అనుమతి మాత్రం వద్దు.

దేశదిమ్మరి:
కోత పెడితే జనం డబ్బు మిగులుతుందన్నదీ అన్నిచోట్లా నిజం కాదు. అమెరికా తరఫున విదేశాల్లో ప్రచారం చేసే బ్రాండ్ యూఎస్ఏకి ప్రభుత్వం ద్వారా అందేది, వీసా అక్కర్లేని దేశాలవాళ్లు ముందస్తు ప్రయాణ అనుమతి కోసం కట్టే ఎస్టా రుసుములోంచే. 2025లో ఆ వాటా గరిష్ఠ పరిమితిని 10 కోట్ల డాలర్ల నుంచి 2 కోట్లకు దించారు. అదే ఏడాది రుసుమును మాత్రం 21 డాలర్ల నుంచి 40కి పెంచారు. అమెరికన్ పన్ను కట్టేవాడికి ఇందులో మిగిలిందేంటి?

పద్దులరాయుడు:
సరే, ఆడిట్ సంగతి ఒప్పుకుంటా. కానీ బ్రిటనే తర్వాత చేసినట్టు చెరిసగం పద్ధతి పెట్టొచ్చుగా? 2012 ఒలింపిక్స్ ముందు ప్రభుత్వం 5 కోట్ల పౌండ్లు, ప్రైవేటు భాగస్వాములు 5 కోట్లు అని లెక్క వేసుకున్నారు. వాళ్లకి నిజంగా నమ్మకముంటే జేబులోంచి తీస్తారు.

మీడియాప్లాన్:
తీస్తారు. కాకపోతే విమాన సంస్థ డబ్బు పెడితే తన విమానాలు దిగే ఊళ్లనే చూపించమంటుంది. పెద్ద నగరాలకు ఆ ప్రచారం లేకపోయినా జనం వస్తారు. పెట్టుబడి పెట్టేవాడు లేని చిన్న ఊళ్ల కోసం కొంత వాటా ముందే పక్కన పెడితేనే నేను చెరిసగానికి ఒప్పుకుంటా. ఆ వాటా ఎంతుండాలో మీరే చెప్పండి.