బెన్యామీనుకు బదులు యూదా ఎందుకు ముందుకొచ్చాడు?

బైబిల్లో ఆదికాండము 44లో, దొంగతనం నింద పడ్డ తమ్ముడు బెన్యామీనుకు బదులు తాను దాసుడిగా ఉండిపోతానని యూదా బతిమాలుకుంటాడు. ఒకప్పుడు ఇంకో తమ్ముడు యోసేపును అమ్మేద్దామన్నది ఈ యూదాయే! మరి ఇప్పుడు అతన్ని కదిలించింది ఏమిటి? పాత పాపం బాధా, తండ్రికి పూచీ పడుతూ ఇచ్చిన మాటా (43:9), లేక తండ్రి దుఃఖం చూడలేకపోవడమా? నాకైతే మూడోదే బలంగా అనిపిస్తోంది. అతని విన్నపం నిండా తండ్రే ఉన్నాడు, తమ్ముడి మీద తన ప్రేమ గురించి ఒక్క మాటా లేదు. పైగా అతనూ ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్నవాడే (38వ అధ్యాయం).

ఇంకొకటి. నిర్గమకాండము 32:32లో, ప్రజలు దూడ విగ్రహాన్ని పూజించాక, వాళ్లను క్షమించకపోతే నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచేయమని దేవుణ్ణి అడిగిన మోషే, ప్రజలకు బదులుగా అడిగాడా, వాళ్లతోపాటే పోతానన్నాడా? లోతుగా చదివినవాళ్లు దయచేసి చెప్పండి. ఏ వచనాన్ని బట్టి అలా అనుకుంటున్నారో కూడా రాయండి.