వైరల్ జ్వరం తగ్గినా వదలని నీరసం: నడిపించాలా, పడుకోనివ్వాలా?

హన్మకొండ_అక్క
మా తమ్ముడికి కోవిడ్ తగ్గి ఏడాది దాటింది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగర్, ఛాతీ ఎక్స్‌రే అన్నీ అయ్యాయి, ఎందులోనూ ఏమీ తేలలేదు. కాస్త బాగుందని ఒకరోజు బజారుకు వెళ్లొస్తే, మూడోనాటికి మంచం దిగలేకపోతున్నాడు. ఒక డాక్టరు గారు రోజూ అరగంట నడవమని చీటీ రాశారు. ఇంకొకరు వద్దే వద్దన్నారు. నాన్నేమో "వాడు బద్ధకం మరిగాడు" అంటారు. ఏది సరైనదో కారణాలతో చెప్పండి.

నెల్లూరు_ఫిజియో
నడిపించండమ్మా. నెలల తరబడి పడుకుంటే కండ కరిగిపోతుంది, లేచి నిలబడితే గుండె దడ, ఆ దడకు భయపడి మళ్లీ పడుకోవడం. ఈ చక్రం ఎక్కడో తెగాలి. పైగా చాలామందికి కాలమే నయం చేస్తుంది. ఆస్ట్రేలియాలోని డబ్బోలో ఎప్‌స్టీన్ బార్, రాస్ రివర్ వైరస్‌లు, క్యూ ఫీవర్ సోకిన 253 మందిని గమనిస్తే, ఆరు నెలలకు నీరసం మిగిలింది 12 శాతం మందిలోనే. 2011లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన పేస్ ట్రయల్ దీర్ఘకాలిక అలసట ఉన్న 641 మందితో చేశారు. మెల్లమెల్లగా పెంచే వ్యాయామం, సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే) కౌన్సెలింగ్ మేలు చేస్తాయని తేల్చారు. చికున్‌గున్యా తర్వాత కీళ్లు పట్టేసినవాళ్లను నేను కదిలించే బాగుచేశాను.

లెస్టర్_తెలుగు
సర్, కీళ్ల నొప్పికి కదలిక మంచిదన్న మాటతో నాకు పేచీ లేదు. అక్క చెప్పినది ఆ జబ్బు కాదు. శ్రమపడిన రోజున కాకుండా ఒకటి రెండు రోజులు ఆగి కుప్పకూలడం దీర్ఘకాలిక అలసట జబ్బు అయిన ఎంఈ/సీఎఫ్ఎస్‌కు అసలు గుర్తు. దాన్ని పీఈఎం అంటారు. డబ్బో లెక్కలో ఆ 12 శాతమే మన ప్రశ్న. మిగతా 88 శాతం మందికి పనికొచ్చినది వాళ్లకూ పనికొస్తుందని ఎలా అంటాం?

పేస్ గురించి కూడా చెప్పాలి. అందులో చేరాలంటే శారీరక సామర్థ్యం స్కోరు వందకు 65 లేదా అంతకు తక్కువ ఉండాలి. 2013లో "కోలుకున్నారు" అని లెక్కించేటప్పుడు ఆ కొలమానంలో 60 ఉంటే చాలన్నారు. అంటే చేరినప్పటికంటే కిందికి జారినా ఆ గీత దాటినట్టే! రోగులే పట్టుబట్టి అడిగితే, 2016లో ట్రిబ్యునల్ ఆదేశంతో ఆ ట్రయల్ నడిపిన క్వీన్ మేరీ యూనివర్సిటీ డేటా బయటపెట్టింది. మొదట రాసుకున్న నియమాల ప్రకారం మళ్లీ లెక్కిస్తే, ఆ చికిత్సలు పొందినవాళ్లకూ పొందనివాళ్లకూ మధ్య కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. 2007లో ఇదే వ్యాయామాన్ని సిఫారసు చేసిన, ఇక్కడ బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, 2021 అక్టోబరులో దాన్ని తీసేసింది. మా ఆయనకు ఈ జబ్బు ఉంది, అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను.

నెల్లూరు_ఫిజియో
ఆ నైస్ నిర్ణయం ఏకగ్రీవం కాదు కదండీ. కమిటీలో కొందరు రాజీనామా చేశారు, ఆగస్టులో విడుదలే ఆపేశారు. పరిశోధనలన్నీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2019 సమీక్ష వ్యాయామం అలసటను బహుశా తగ్గిస్తుందనే చెప్పింది. "కదలొద్దు" అన్న మాట ఒక్కసారి చెవిన పడితే మన ఇళ్లలో కుర్రవాణ్ణి పూర్తిగా మంచానికి కట్టేస్తారు. నా భయం అది.

మంచం_పక్క_కిటికీ
నాకు ఈ జబ్బు ఉంది. నాన్నగారి మాట చదివి బాధేసింది, ముందు దానికి జవాబు. 1955లో లండన్ రాయల్ ఫ్రీ హాస్పిటల్ సిబ్బందిలో ఇలాంటి జబ్బు ప్రబలింది. పదిహేనేళ్ల తర్వాత ఇద్దరు సైకియాట్రిస్టులు పాత కాగితాలు చూసి హిస్టీరియా అని రాశారు. రోగుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు కావడం వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి. అప్పటికే 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నాడీ మండల వ్యాధుల్లో చేర్చింది. "మనసులోనే ఉంది" అన్న మాట మాత్రం ఇప్పటికీ మమ్మల్ని వదల్లేదు.

2024లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు పీఈఎం ఉన్న లాంగ్ కోవిడ్ రోగుల చేత గట్టిగా సైకిల్ తొక్కించి, ముందూ తర్వాతా తొడ కండరం ముక్క తీసి చూశారు. తర్వాత కండరం దెబ్బతిన్న జాడలు పెరిగాయి, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా పనితీరు తగ్గింది. బద్ధకానికి కండరం దెబ్బతింటుందా?

ఫిజియో గారూ, కదలొద్దని మేమూ అనడం లేదు. పేసింగ్ అంటే అలసట రాకముందే ఆగడం. నేను స్టూలు మీద కూర్చుని స్నానం చేస్తాను, ఆ రోజు వంట పెట్టుకోను. బాగున్న రోజున పాత పనులన్నీ ఎత్తుకోను, అదే అన్నిటికంటే కష్టం.

హన్మకొండ_అక్క
మరి మావాడిది ఆ జబ్బేనని ఎలా తెలుస్తుంది?

లెస్టర్_తెలుగు
దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదక్కా. 2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ చెప్పిన లక్షణాలు చూస్తారు: ఆరు నెలలు దాటి, మునుపటి పనులు చేసుకోలేనంత అలసట, పీఈఎం, ఎంత నిద్రపోయినా తేరుకోకపోవడం. వీటితో పాటు మతిమరుపు, ఆలోచన మందగించడం గానీ, నిలబడితే తల తిరగడం గానీ ఉండాలి.

నెల్లూరు_ఫిజియో
రెండు వారాలు డైరీ రాయించండమ్మా. ఏ రోజు ఏం చేశాడు, ఆ మర్నాడూ ఎల్లుండీ ఎలా ఉన్నాడు. శ్రమపడిన ప్రతిసారీ కూలిపోతున్నట్టు తేలితే అరగంట నడక నేనూ చెప్పను. మంచం మీదే కీళ్లు మెల్లగా ఆడించడం వరకు చాలు. అలా తేలకపోతే మాత్రం నడకే సరైన మందు అని ఇప్పటికీ నా అభిప్రాయం.

మంచం_పక్క_కిటికీ
డైరీ మంచి మాట. కానీ రాసే పని అతనికి పెట్టకండి అక్కా, మీరే రాయండి. రాయడం కూడా శ్రమే. డాక్టరు గారి దగ్గరికి ఆ పుస్తకంతో పాటు నాన్నగారినీ తీసుకెళ్లండి.