ఏడాది దాటిన బిడ్డకు డ్యూ లిస్ట్ పెంటా బదులు డీపీటీ చూపిస్తోంది, ఎక్కడ తప్పు?

కోడ్_గట్టు (ప్రశ్న):
సబ్‌సెంటర్లకు టీకాల డ్యూ లిస్ట్ (ఏ బిడ్డకు ఏ డోసు ఎప్పుడు వేయాలో చెప్పే జాబితా) ఇచ్చే ప్రోగ్రాం రాస్తున్నాం. డీపీటీ అంటే కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం టీకా. పెంటా అంటే వాటికి హెపటైటిస్-బి, హిబ్ కూడా కలిపిన టీకా. ఎంఆర్ అంటే తట్టు, రుబెల్లా టీకా. పుట్టిన తేదీకి ఏ డోసుకు ఎన్ని రోజులు కలపాలో ఒక పట్టిక పెట్టాం: పెంటా-1కి 42, పెంటా-2కి 70, పెంటా-3కి 98, ఎంఆర్-1కి 270. వేళకు వచ్చే పిల్లలకు బాగానే ఉంది. ఆలస్యంగా వచ్చే బిడ్డ దగ్గరే తేడా కొడుతోంది. ఉదాహరణకు పుట్టింది 2024 మే 31. పెంటా-1, ఎంఆర్-1 పడింది 2025 ఏప్రిల్ 9న. తర్వాత వచ్చింది జూన్ 11న. పెంటాకు గరిష్ఠ వయసు ఏడాది అని పెట్టినందుకు ప్రోగ్రాం పెంటా తీసేసి డీపీటీ మొదలుపెట్టమంటోంది. ఆ షరతు ఎత్తేస్తే పెంటా-2, 3 రెండూ ఇవాళే వేయమంటోంది. ఏం మార్చాలి?

టీకా_పట్టిక:
ఏడాది అన్నది పెంటా మొదలుపెట్టడానికి గడువు, ప్రతి డోసుకూ కాదండీ. ఏడాదిలోపు ఒక్క డోసు పడినా మిగతావి పెంటాతోనే పూర్తిచేయాలి. రోటాకూ (విరేచనాల నుంచి కాపాడే రోటావైరస్ టీకా) ఇదే లెక్క. ఏడాది దాటేదాకా పెంటా ఒక్కటీ పడని బిడ్డకే డీపీటీ. కాబట్టి గరిష్ఠ వయసును డోసు వరసలోంచి తీసి సిరీస్‌కు (ఒకే టీకా డోసులన్నిటికీ కలిపి) కట్టండి. ఎంత ఆలస్యమైనా సిరీస్ మళ్లీ మొదటినుంచి మొదలవదు.

రెండోది, డోసుకు ఒకే తేదీ సరిపోదు. కనీస వయసు, వేయాల్సిన వయసు, ముందు డోసు నుంచి కనీస వ్యవధి వేర్వేరుగా ఉండాలి. రాబోయే తేదీ అంటే వయసు ఇచ్చే తేదీ, వ్యవధి ఇచ్చే తేదీ, ఈ రెంటిలో ఆలస్యంగా వచ్చేది. మీ బిడ్డకు జూన్ 11న పెంటా-2, మరో 28 రోజులకు జులై 9న పెంటా-3. వ్యవధిని 'నెల' అని రాయకండి, 28 రోజులనే రాయండి. అప్పుడు బుధవారం వేసిన డోసుకు తర్వాతిది బుధవారమే వస్తుంది. నెల అని రాస్తే జులై 11, శుక్రవారం. టీకాల రోజు కాదు కాబట్టి తల్లి ఊరికే తిరగాలి.

డ్యూ తేదీని డేటాబేస్‌లో దాచకండి. వేసిన డోసుల నుంచి ప్రతిసారీ కొత్తగా లెక్కించాలి. అమెరికాలో ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఇచ్చే సీడీఎస్ఐ (టీకాల సాఫ్ట్‌వేర్‌కు లెక్క నియమాలు) కూడా ముందు వేసిన డోసు చెల్లుతుందా అని చూసి, ఆ తర్వాతే రాబోయేది చెబుతాయి. ఆ వరస తీసుకోండి. కానీ కనీస వయసుకూ వ్యవధికీ వాళ్లిచ్చే 4 రోజుల సడలింపు మాత్రం వాళ్ల పట్టికకే, మన ఇంజిన్‌లోకి తేవద్దు.

తేదీల_లెక్క:
270 కూడా మార్చాలి. ఎంఆర్-1కి తొమ్మిది నెలలు నిండాలి. మే 31కి 270 రోజులు కలిపితే ఫిబ్రవరి 25. నెలల లెక్కన ఫిబ్రవరి 31, ఆ తేదీ లేదు. చాలా లైబ్రరీలు అడక్కుండానే ఫిబ్రవరి 28కి కుదిస్తాయి. సీడీఎస్ఐలో లేని తేదీ వస్తే తర్వాతి నెల ఒకటికి జరుపుతారు, అంటే మార్చి 1. నిండకముందే వేయించే ప్రమాదం లేనిది ఇదే. 29, 30, 31 తేదీల్లో పుట్టిన పిల్లలతో విడిగా పరీక్షలు రాయండి.

పుట్టగానే వేసే హెపటైటిస్-బి 24 గంటల్లోపే, ఓపీవీ-0 (పుట్టగానే వేసే పోలియో చుక్కలు) 15 రోజుల్లోపే. దాటితే 'గడువు ముగిసింది' అని మూసేయాలి. లేకపోతే ఏఎన్ఎం (సబ్‌సెంటర్‌లో టీకాలు వేసే నర్సు) జాబితాలో ఏళ్లతరబడి ఎర్రగా ఉండిపోయి, నిజంగా వేయాల్సిన డోసులు కళ్లకు ఆనవు. 24 గంటలు లెక్కించాలంటే పుట్టిన సమయం కూడా తీసుకోవాలి.

కోడ్_గట్టు:
మార్చాం. జూన్ 11, జులై 9 సరిగ్గా వచ్చాయి. 16 నెలలు నిండేది అక్టోబర్ 1న కాబట్టి ఎంఆర్-2, డీపీటీ బూస్టర్ రెండూ ఆ రోజే చూపిస్తోంది. సరేనా?

టీకా_పట్టిక:
ఎంఆర్-2 సరే. డీపీటీ బూస్టర్ తప్పు. మూడో డోసుకూ బూస్టర్‌కూ మధ్య కనీసం 6 నెలలు ఉండాలి. జులై 9 నుంచి 6 నెలలంటే 2026 జనవరి 9. అక్టోబర్ 1కి గడిచింది 12 వారాలే. ఓపీవీ-3 కూడా జులై 9నే పడితే ఓపీవీ బూస్టర్‌దీ అదే తేదీ. వేళకు వచ్చిన బిడ్డకు వయసు ఇచ్చే తేదీయే ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఈ తప్పు పైకి కనిపించదు, ఆలస్యమైన వాళ్లలోనే బయటపడుతుంది.

కార్డు_నమోదు:
ప్రైవేటులో వేయించుకున్న పిల్లలను కూడా చూసుకోండి. కార్డు మీద బ్రాండు పేరు ఉన్న చిన్న స్టిక్కరే ఉంటుంది. హెక్సావాలెంట్ (ఆరు జబ్బుల టీకా) అయితే పెంటాలోని అయిదింటికి తోడు ఐపీవీ (పోలియో ఇంజెక్షన్) కూడా పడ్డట్టే. అందుకే టీకా పేరుతో కాకుండా ఏయే జబ్బుకు ఎన్ని డోసులు పడ్డాయో లెక్కించాలి. ఎంఎంఆర్‌ను (ఎంఆర్‌కు గవదబిళ్లల టీకా కూడా కలిసింది) ఎంఆర్ కింద జమ కట్టాలి.

నియమాల పట్టికకు అమలు తేదీ గడి ఉండాలి. తొమ్మిది నెలలప్పుడు వేసే మూడో ఎఫ్ఐపీవీ (తక్కువ మోతాదులో వేసే ఐపీవీ) 2023 జనవరిలో చేరింది. ఆ గడి లేకపోతే అంతకుముందే పట్టిక ప్రకారం అన్నీ పూర్తయిన పిల్లలందరూ ఒక్కసారిగా బాకీ జాబితాలోకి వచ్చేస్తారు. ఇంకోటి, ప్రతి సూచన కింద కారణం ఒక్క వాక్యంలో చూపించండి: 'పెంటా-1 ఏడాదిలోపు పడింది, అందుకే పెంటా-2'. ఏడాది దాటిన బిడ్డకు పెంటా ఏమిటని ఏఎన్ఎం అక్కడే ఆగిపోకుండా ఉంటారు.