పిల్లాడు మన మీదే తిరగబడితే ఏం చేయాలి? హోమ్‌లలో పనిచేసేవాళ్లు చెప్పండి

హౌస్‌మదర్, విజయవాడ:
మగపిల్లల హోమ్‌లో ఈమధ్యే చేరాను. మా దగ్గరికి ఎక్కువగా రైల్వే స్టేషన్‌లో దొరికిన పిల్లలే వస్తారు. మొన్న రాత్రి భోజనాల దగ్గర ఒక పదమూడేళ్ల బాబు తనకి గుడ్డు రాలేదని పక్కవాడి మీద కంచం విసిరాడు. ఆపబోతే నా మోచెయ్యి కొరికాడు. వార్డెన్ గారు "రెండు పీకితే దారికొస్తాడు" అంటూ వచ్చారు. నేను అడ్డం నిలబడ్డాను. ఇప్పుడు స్టాఫ్ అంతా నేనే వాణ్ణి నెత్తికెక్కించుకున్నానంటున్నారు. వాడేమో నా ఎదురుగా రావడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

కౌన్సెలర్, వరంగల్:
అమ్మా, ముందు ఆ చెయ్యి డాక్టర్‌కి చూపించండి. మనిషి కాటు కూడా చీము పడుతుంది. టీటీ ఇంజెక్షన్ అవసరమేమో అడగండి. మన పనిలో దెబ్బ తిన్న పెద్దవాళ్లని ఎవరూ పట్టించుకోరు, "పిల్లలతో పనంటే ఇంతే" అనేస్తారు. ఆ దిగమింగుకున్న కోపం తర్వాత ఇంకో పిల్లాడి వీపు మీద తేలడం నేను చాలా హోమ్‌లలో చూశాను.

రెండోది, రిజిస్టర్‌లో రాయండి. "దురుసుగా ప్రవర్తించాడు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఎన్నింటికి జరిగింది, గుడ్లు ఎవరు వడ్డించారు, వాడి వంతు ఎలా తప్పింది, ముందు ఎవరు ఏమన్నారు, అవి రాయండి. ప్లాట్‌ఫారం మీద బతికిన పిల్లాడికి చేతికందని తిండి పోయినట్టే లెక్క. మత్తు కోసం వైట్‌నర్ పీల్చే అలవాటు ఉండి ఈమధ్యే మానేశాడేమో కూడా కనుక్కోండి. ఆ రోజుల్లో చిరాకు విపరీతంగా ఉంటుంది, అది డాక్టర్ చూడాల్సిన విషయం.

గొడవ జరుగుతుండగా నేను మొదట మిగతా పిల్లల్ని బయటికి పంపించేస్తాను. చూసేవాళ్లు లేకపోతే సగం వేడి తగ్గుతుంది. వెనక నుంచి పట్టుకోను. ఆ ఒంటి మీద ఇంతకుముందు ఎవరెవరు చేయి వేశారో నాకు తెలియదు కదా. కాస్త పక్కగా, తలుపుకి అడ్డం కాకుండా నిలబడి, పేరు పెట్టి నెమ్మదిగా పిలుస్తాను. ఇంకో పిల్లాడికి దెబ్బలు తగులుతుంటే మాత్రం ఇద్దరం కలిసి విడదీస్తాం.

కంచం తగిలిన బాబుని మర్చిపోకండి. వాడి తరఫున ఎవరూ మాట్లాడకపోతే రేపు వాడూ కంచమే ఎత్తుతాడు.

బాలల రక్షణ విభాగం ఉద్యోగి, కర్నూలు:
వార్డెన్ గారికి ఇది చూపించండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 82 ప్రకారం హోమ్ సిబ్బంది క్రమశిక్షణ పేరుతో కొట్టడం నేరం. మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే 3 నెలల వరకు జైలు కూడా పడొచ్చు. నేరం రుజువైతే ఉద్యోగం పోవచ్చు, ఆ తర్వాత పిల్లలతో నేరుగా పనిచేయనివ్వరు. అలాగే ఆ చట్టం కింద వచ్చిన 2016 నిబంధనల్లో, హోమ్‌లోని పిల్లలే సభ్యులుగా ఉండే పిల్లల కమిటీలు ఉన్నాయి. గుడ్ల పంపకం గొడవ ఆ కమిటీ ముందు పెట్టండి, వాళ్లే మంచి పద్ధతి చెబుతారు.

నైట్ డ్యూటీ, గుంటూరు:
మా హోమ్‌లో రాత్రిళ్లు నేనొక్కణ్ణే. "ఇద్దరం కలిసి" అంటే ఆ రెండో మనిషి ఎక్కడ సార్?

కౌన్సెలర్, వరంగల్:
మీరడిగింది న్యాయమైన ప్రశ్న తమ్ముడూ. ఒక్కణ్ణి పెట్టి రాత్రంతా నడపమనడం మీకూ, పిల్లలకీ ప్రమాదమే. సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ప్రతి గొడవకీ ఆ సమయంలో స్టాఫ్ ఎంతమంది ఉన్నారో రిజిస్టర్‌లో రాయండి. తనిఖీకి వచ్చినవాళ్లు చూసేది ఆ పేజీలే.

హౌస్‌మదర్, విజయవాడ:
చేతికి కట్టు కట్టించుకున్నాను. వాడితో నేనే ముందు మాట్లాడాలా, వాడు వచ్చేదాకా ఆగాలా?

కౌన్సెలర్, వరంగల్:
మీరే ముందు మాట్లాడండి, ఈ రోజే. నలుగురిలో వద్దు. "నొప్పి పుట్టింది, అయినా రేపు కూడా నీకు అన్నం పెట్టేది నేనే" అని చెప్పండి. సారీ చెప్పమని అడగొద్దు.